సిగ్నల్ ముందు, ధర తరువాత: తెలుగు రాష్ట్రాల్లో మొబైల్ నెట్‌వర్క్‌ను ఎంచుకోవడం ఎలా?

2024 జులై మొదటి వారంలో జియో, ఎయిర్‌టెల్, వీఐ (వొడాఫోన్ ఐడియా) సంస్థలు ఒకదాని వెంట ఒకటి రీఛార్జ్ ధరలు పెంచాయి. అప్పటిదాకా రోజుకు 1.5 జీబీ చొప్పున 28 రోజులకు 239 రూపాయలు కట్టిన జియో వినియోగదారుడు 299 కట్టవలసి వచ్చింది. అదే డేటాకు ఎయిర్‌టెల్‌లో 299 ఉన్నది 349 అయింది. ధర ముట్టుకోనిది బీఎస్ఎన్ఎల్ ఒక్కటే కావడంతో ఆ ఒక్క నెలలోనే దాని చందాదారులు దేశం మొత్తం మీద దాదాపు 29 లక్షలు పెరిగారు. అయితే ఆ ఏడాది ముగియకముందే ఆ ఊపు ఆగి, సంఖ్య మళ్ళీ తగ్గుముఖం పట్టింది. మారినవారిని తప్పుపట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. వారిలో చాలామంది "ఏది చవక?" అని అడిగారు గాని, "మా వంటింట్లో ఏది పలుకుతుంది?" అని అడగలేదు. ఈ రెండు ప్రశ్నల వరుస తారుమారైతే, మిగిలిన అరవై రూపాయలూ పెరట్లోకి పరుగెత్తి "హలో, హలో" అనడంలోనే కరిగిపోతాయి.

ఏ నెట్‌వర్క్ మంచిదన్న ప్రశ్నకు రాష్ట్రం మొత్తానికి సరిపోయే సమాధానం లేదు. టెలికాం శాఖ లైసెన్సుల లెక్కలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ నేటికీ కలిపి ఒకటే సర్కిల్. ఇచ్ఛాపురం నుంచి హిందూపురం వరకూ, అటు ఆదిలాబాద్ వరకూ అంతా ఒకే ఖాతా కింద వస్తుంది. కాబట్టి "ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లో మేమే ముందు" అని ఒక సంస్థ చెప్పుకున్నా, ఆ మాట నిజమే అయినా, మీ వీధి గురించి అది చెప్పేది ఏమీ లేదు. మీరు తేల్చుకోవలసింది మీ ఫోన్ తప్పనిసరిగా పనిచేయవలసిన నాలుగైదు చోట్లను మాత్రమే: పడకగది, వంటిల్లు, పనిచేసే చోటు, రోజూ తిరిగే దారి, పొలం ఉంటే బోరు దగ్గర. వీటిని ఒక కాగితం మీద రాసుకున్నవారికి సగం పని అయిపోయినట్లే.

గోడలు, టవర్లు, తరంగాలు

సిగ్నల్ అందడానికి టవర్ దగ్గరగా ఉండటం ఒక్కటే చాలదు. తక్కువ పౌనఃపున్యం (ఫ్రీక్వెన్సీ) గల తరంగాలు దూరం పోతాయి, గోడలను చీల్చుకుని లోపలికి రాగలవు. ఎక్కువ పౌనఃపున్యం గలవి వేగాన్ని ఇస్తాయి గాని దూరం పోలేవు, గోడ దగ్గర నీరసించిపోతాయి. జియో 4జీ కోసం 850, 1800, 2300 మెగాహెర్ట్జ్ బ్యాండ్లను, అంటే పౌనఃపున్య శ్రేణులను, 5జీ కోసం 700, 3300 బ్యాండ్లను వాడుతోంది. ఎయిర్‌టెల్ దగ్గర 900 మొదలు 2300 వరకూ బ్యాండ్లు ఉండగా, దాని 5జీ ప్రధానంగా 3300 మీద నడుస్తోంది. బీఎస్ఎన్ఎల్ తన 4జీని 700, 2100 బ్యాండ్ల మీద నిర్మించుకుంది. పాత ఫోన్ 700 బ్యాండ్‌ను అందుకోలేనిదైతే పక్కనే టవర్ ఉన్నా ప్రయోజనం ఉండదు. అందువల్ల ఇంటి లోపల సిగ్నల్ బలహీనంగా ఉన్నవారు టవర్ల సంఖ్య కన్నా ముందు తమ ఫోన్ ఏ బ్యాండ్లను అందుకుంటుందో చూసుకోవాలి. ఆ వివరం ఫోన్ వచ్చిన పెట్టె మీదనో, తయారీ సంస్థ వెబ్‌సైట్‌లోనో దొరుకుతుంది.

ఇంటి కట్టడమూ అంతే ముఖ్యమైనది. మా అమ్మగారి ఇల్లు మూరెడు మందం మట్టిగోడల పాత మిద్దె. వాకిట్లో గీతలన్నీ నిండుగా చూపించే నెట్‌వర్క్ ఒకటి (పేరు అనవసరం) నడింట్లోకి రాగానే చచ్చుబడిపోయేది, పొరుగింటి రేకుల షెడ్డులో అయితే గుమ్మం దాటకముందే పోయేది. ఏడాది పాటు ఫోన్‌నే తిట్టుకున్నాము. చివరికి బంధువుల ఫోన్లోని వేరే సంస్థ సిమ్ అదే గదిలో హాయిగా పలకడం చూసి అసలు సంగతి గ్రహించాము.

పరిశీలనకు ప్రభుత్వం కల్పించిన సాధనాలు కొన్ని ఉన్నాయి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024లో తెచ్చిన సేవా నాణ్యతా నిబంధనల ప్రకారం ప్రతి సంస్థా తన వెబ్‌సైట్‌లో 2జీ, 4జీ, 5జీ ఎక్కడెక్కడ అందుతాయో చూపే కవరేజ్ మ్యాపును ఉంచాలి. టెలికాం శాఖ 2017లో ప్రారంభించిన తరంగ్ సంచార్ పోర్టల్‌లో మీ చుట్టుపక్కల టవర్లు ఎక్కడున్నాయో చూడవచ్చు. అయితే మ్యాపులో మీ ఊరి మీద రంగు ఉంటే ఆరుబయట మాత్రమే సిగ్నల్ దొరుకుతుందని అనుకోవడమే క్షేమం. గది లోపలి సంగతి మ్యాపుకు తెలియదు.

కాబట్టి నమ్మదగిన పరీక్ష పాతదే, చేతిలో పెట్టుకుని చూడటమే. పొరుగువారి ఫోన్‌ను అరగంట అడిగి తీసుకుని, రాసుకున్న చోట్లన్నింటిలో ఒక్కో కాల్ చేసి చూడండి. తెర మీది గీతలను ఎక్కువగా నమ్మవద్దు, ఎందుకంటే ఎంత సిగ్నల్‌కు ఎన్ని గీతలు చూపాలన్నది ఫోన్ తయారీదారు ఇష్టం. ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగ్స్ లోపల "అబౌట్ ఫోన్" విభాగంలో సిమ్ స్టేటస్ తెరిస్తే సిగ్నల్ బలం డీబీఎం అనే కొలతలో, మైనస్ గుర్తుతో కనిపిస్తుంది. 4జీలో మైనస్ 90కి అటూఇటూ ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు; మైనస్ 110 దాటి మైనస్ 115 వైపు పోతుంటే కాల్ మధ్యలో మాట తెగిపోవడం ఖాయం. ఈ పరీక్షను పగటిపూట ఒకసారి, రాత్రి ఎనిమిది తొమ్మిది గంటల మధ్య మరొకసారి చేయాలి. రాత్రివేళ అందరూ వీడియోలు చూస్తారు కాబట్టి సిగ్నల్ బలంగా ఉన్నా నెట్ కదలకపోవచ్చు. అది కవరేజ్ లోపం కాదు, ఆ టవర్ మీద జనం ఎక్కువైన లోపం. గోదావరి జిల్లాల పల్లెల్లో సంక్రాంతి మూడు రోజులూ ఊరి జనాభా రెట్టింపైనప్పుడు ఇదే జరుగుతుంది గనుక, పండుగ పూట చూసి ఏ సంస్థనూ తీర్పు తీర్చవద్దు.

ఏజెన్సీలో, ఘాట్ రోడ్ల మీద ఎంపిక అన్న మాటకే అర్థం మారుతుంది. పాడేరు, చింతపల్లి పరిసరాల్లో గాని, దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్ళే నల్లమల దారిలో గాని "ఏది మంచిది" అన్న ప్రశ్న కన్నా "ఏదైనా ఉందా" అన్న ప్రశ్న ముందు వస్తుంది. 2023 జూన్‌లో ఒకేసారి ప్రారంభించిన 100 జియో టవర్లలో 85 అల్లూరి సీతారామరాజు జిల్లాకే వచ్చాయి. బీఎస్ఎన్ఎల్ స్వదేశీ పరిజ్ఞానంతో నిర్మించిన 4జీని 2025 సెప్టెంబర్ 27న జాతికి అంకితం చేశారు. ప్రభుత్వ నిధితో కట్టిన టవర్ల దగ్గర జియో, ఎయిర్‌టెల్, బీఎస్ఎన్ఎల్ చందాదారులు ఒకరి టవర్‌ను మరొకరు వాడుకునే ఏర్పాటు కూడా 2025 జనవరిలో మొదలైంది. అలాంటి ప్రాంతంలో కొత్తగా ఉద్యోగంలో చేరే ఉపాధ్యాయులకో, ఆరోగ్య కార్యకర్తలకో నేనిచ్చే సలహా ఒక్కటే: సిమ్‌ను హైదరాబాద్‌లోనో విశాఖలోనో నిర్ణయించుకుని వెళ్ళవద్దు. అక్కడి కిరాణా కొట్టువాడు ఏది వాడుతున్నాడో చూసి అది తీసుకోండి. రోజంతా ఫోన్‌పే మీద బతికే మనిషి పనికిరాని నెట్‌వర్క్‌ను అట్టే పెట్టుకోడు.

బటన్ ఫోన్లు, బోరు మోటార్లు

జియోకు 2జీ, 3జీ లేవు. అది మొదటి నుంచీ 4జీ మీదే నడుస్తోంది. పెద్దవాళ్ళ చేతిలోని పాత బటన్ ఫోన్లో జియో సిమ్ వేస్తే, ఆ ఫోన్ 4జీ రకం కాకపోతే, పలకదు. ఎయిర్‌టెల్ తన 3జీని తీసేసినా 2జీని ఉంచింది. వీఐ, బీఎస్ఎన్ఎల్ సిమ్‌లూ 2జీ ఫోన్లలో పనిచేస్తాయి. మెట్ట పొలాల్లో బోరు మోటార్లకు పెట్టే మొబైల్ స్టార్టర్ల సంగతీ ఇంతే. ఇంటి నుంచి కాల్ కొట్టి మోటారు వేసుకునే ఆ పెట్టెల్లో చాలావరకు 2జీ సిమ్‌ మీద నడిచేవే. కొనేటప్పుడు ఏ సిమ్ పడుతుందో దుకాణదారును అడగకుండా, ఇంట్లో ఖాళీగా ఉన్నదేదో వేసేసి, ఆనక స్టార్టర్ చెడిపోయిందని వాపసు తెచ్చే రైతులు తక్కువేమీ కాదు.

ధరను రోజు లెక్కన చూడటం

కవరేజ్ పరీక్షలో రెండు సంస్థలు నిలిచాయనుకుందాం. అప్పుడు మాత్రమే ధరల జోలికి వెళ్ళాలి. ఇక్కడ నేను చెప్పే అంకెలు 2024 జులై పెంపు నాటివి, వాయిస్ ప్యాక్‌ల (డేటా లేకుండా మాటలకే పనికొచ్చేవి) విషయంలో 2025 ఆరంభం నాటివి; చెల్లించే రోజున ట్రాయ్ టారిఫ్ పోర్టల్‌లోనో ఆయా సంస్థల యాప్‌లోనో సరిచూసుకోవాలి. అంకెలు మారినా లెక్క వేసే తీరు మారదు.

మొదటి చిక్కు "నెల" అన్న మాటలో ఉంది. ప్యాక్ 28 రోజులది కాబట్టి ఏడాదికి పన్నెండు సార్లు కాదు, పదమూడు సార్లు రీఛార్జ్ చేయాలి. జియో 299 ప్యాక్ ఏడాదికి 3,588 అవుతుందని అనుకుంటాము. నిజానికి అది 3,887. అదే 1.5 జీబీని 84 రోజులకు 799 పెట్టి తీసుకుంటే రోజుకు తొమ్మిదిన్నర రూపాయలు పడుతుంది, ఏడాదికి దాదాపు 3,470. ఇక ఎయిర్‌టెల్‌లో తేడా ఇంకా ఎక్కువ: రోజుకు 1.5 జీబీ ఇచ్చే 349 ప్యాక్‌ను పదమూడు సార్లు వేయిస్తే 4,537 అవుతుంది, రోజుకు 2 జీబీ ఇచ్చే ఏడాది ప్యాక్ 3,599కే వస్తుంది. తక్కువ డేటాకు 938 రూపాయలు ఎక్కువ కట్టడమన్న మాట. ఒకేసారి మూడున్నర వేలు తీయగలిగిన ఇంటికి చవకగా, నెలనెలా కూలి డబ్బులోంచి తీసేవారికి ఖరీదుగా ఉండే ఈ ఏర్పాటు నాకు న్యాయంగా తోచదు గాని, ఉన్నది ఇదే. నెల తేదీ గుర్తుపెట్టుకోవడం ఇబ్బందైనవారికి మాత్రం ఒక వెసులుబాటు ఉంది: ప్రతి నెలా ఒకే తేదీన ముగిసే ప్యాక్ ఒకటి, 30 రోజుల ప్యాక్ ఒకటి తప్పక ఉంచాలని ట్రాయ్ 2022లోనే సంస్థలను ఆదేశించింది.

అయితే ఏడాది ప్యాక్‌కు ఒక షరతు ఉంది. కవరేజ్ మీద పూర్తి నమ్మకం కుదరకముందే తీసుకుంటే, నచ్చని సంస్థకు ఏడాది పాటు కట్టుబడవలసి వస్తుంది, ఎందుకంటే నంబర్‌ను వేరే సంస్థకు మార్చుకున్న రోజున మిగిలిన వ్యాలిడిటీ మొత్తం పోతుంది. మొదట 28 రోజులు, తరువాత 84, ఆ తరువాతే 365 అన్నది నేను పాటించే వరుస.

రెండో చిక్కు వాడని డేటా. ఫోన్ సెట్టింగ్స్‌లో గత నెల ఎంత డేటా వాడారో చూడండి. రోజుకు 1.5 జీబీ అంటే 28 రోజులకు 42 జీబీ. మీ వాడకం 10 జీబీ అయితే కొన్నదాంట్లో మూడొంతులకు పైగా ప్రతి అర్ధరాత్రీ చెల్లకుండా పోతోందని అర్థం. వారం మధ్యలో మిగిలిన డేటాను శని, ఆదివారాల్లో వాడుకోనిచ్చే సౌకర్యం వీఐ కొన్ని ప్యాక్‌లలో ఇస్తుంది. ఆదివారం సినిమాలు చూసే ఇంటికి అది పనికొస్తుంది. ఇంట్లో ఏపీ ఫైబర్‌నెట్ వంటి కనెక్షన్ ఏదైనా ఉన్నవారు రోజువారీ డేటా ప్యాక్ నిజంగా కావాలో లేదో తప్పక ఆలోచించాలి. బయట ఉన్నంతసేపు వాట్సాప్, యూపీఐ చాలనుకుంటే 28 రోజులకు 2 జీబీ ఇచ్చే ప్యాక్ (జియోలో 189, ఎయిర్‌టెల్‌లో 199) సరిపోతుంది. పైగా జియో, ఎయిర్‌టెల్ రెండింటిలోనూ వైఫై కాలింగ్ (టవర్ సిగ్నల్‌కు బదులు ఇంటి వైఫై మీదుగా కాల్ చేసుకునే వీలు) ఉంది కాబట్టి, మందపాటి గోడల సమస్య కూడా ఆ ఫైబర్‌తోనే తీరుతుంది.

5జీ విషయం క్లుప్తంగా చెప్పవచ్చు. 2024 పెంపు తరువాత అపరిమిత 5జీని రోజుకు 2 జీబీ, అంతకు మించిన ప్యాక్‌లకే పరిమితం చేశారు. జియోలో 299, 349 ప్యాక్‌ల మధ్య యాభై రూపాయల తేడా ఉంది. మీ ఇంట్లో 5జీ గట్టిగా అంది, ఫోన్ కూడా 5జీది అయితే ఆ యాభైకి దొరికేది చాలా ఎక్కువ. రెండింటిలో ఏది లేకపోయినా అది రోజుకు అర జీబీ కోసం కట్టిన సొమ్ము మాత్రమే.

మాట్లాడుకోవడానికే ఫోన్ వాడేవారి కోసం, అంటే బటన్ ఫోన్ల పెద్దవారికి, మోటారు స్టార్టర్లకు, రెండో సిమ్‌ను బతికించుకునేవారికి, డేటా లేని ప్యాక్‌లు ఉంచాలని ట్రాయ్ 2024 డిసెంబర్‌లో ఆదేశించింది. ఫలితంగా జియో 336 రోజులకు 1,748 రూపాయల ప్యాక్‌ను, ఎయిర్‌టెల్ 365 రోజులకు 1,849 రూపాయల ప్యాక్‌ను తెచ్చాయి. చూడగానే మొదటిదే చవక అనిపిస్తుంది. రోజులతో భాగించి చూడండి: మొదటిది రోజుకు 5.20, రెండోది 5.07. మొదటిదాంట్లో ఏడాదికి 29 రోజులు తక్కువ. 84 రోజుల రకంలో మాత్రం జియో 448 రూపాయలతో ఎయిర్‌టెల్ 469 కన్నా నిజంగానే తక్కువ. ఎవరు చవక అన్నది సంస్థను బట్టి కాదు, ప్యాక్‌ను బట్టి మారుతుందనడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కరలేదు. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉంటూ బ్యాంకు ఓటీపీల కోసం ఇక్కడి నంబర్‌ను నిలుపుకునేవారికి కూడా ఈ ప్యాక్‌లే తగినవి. బయలుదేరే ముందే అంతర్జాతీయ రోమింగ్‌ను తెరిపించుకోవాలి. కానీ పిల్లలు విదేశాల్లో ఉండి వాట్సాప్ వీడియోలో మనవల ముఖాలు చూసుకునే తల్లిదండ్రులకు, ఇంట్లో వైఫై లేకపోతే, డేటా లేని ప్యాక్ వేయించి పొదుపు చేశామనుకోవడం పొరపాటు.

పోస్ట్‌పెయిడ్ వైపు చూసేవారు ఒక్క సంగతి మరవకూడదు. ప్రీపెయిడ్ ధరలో జీఎస్టీ కలిసే ఉంటుంది, పోస్ట్‌పెయిడ్ ప్రకటనలో కనిపించే ధర మీద 18 శాతం అదనంగా పడుతుంది. 449 అని రాసిన ప్లాన్ బిల్లులో దాదాపు 530 అవుతుంది.

రెండు సిమ్‌ల ఆలోచన

ఒక సంస్థకు కవరేజ్, మరో సంస్థకు ధర అనుకూలంగా ఉంటే రెండూ పెట్టుకోవడం ఒక దారి. ప్రధాన నంబర్‌ను గట్టి సిగ్నల్ ఉన్న సంస్థలో వాయిస్ ప్యాక్‌తో ఉంచి, డేటాను రెండో సిమ్ మీద నడపవచ్చు. అయితే లెక్క చూసుకోండి: వాయిస్ ప్యాక్ రోజుకు ఐదు రూపాయలు, డేటా ప్యాక్ దాదాపు పది, కలిపి పదిహేను. ఒకే మంచి ప్యాక్ కన్నా ఇది ఖరీదే. తరచూ ఊరికీ నగరానికీ మధ్య తిరిగేవారికి, ఫోన్ మీదే వ్యాపారం నడిచే ఆటో డ్రైవర్లకు, డెలివరీ పనివారికి ఆ ఐదు రూపాయలు గిట్టుబాటే. ఇంటిపట్టున ఉండేవారికి కాదు.

పరీక్ష కోసమైతే రెండో సిమ్ తప్పనిసరిగా తీసుకోమంటాను. కొత్త సంస్థ సిమ్‌ను 28 రోజుల ప్యాక్‌తో రెండో గడిలో వేసి ఒక నెల వాడి, ఆ తరువాతే పాత నంబర్‌ను ఆ సంస్థకు మార్చుకోవాలి. ఎందుకంటే పోర్ట్ అయ్యాక, అంటే నంబర్ అలా సంస్థ మారాక, 90 రోజుల వరకూ వెనక్కి పోవడానికి వీలుండదు.

నంబర్‌ను వేరే సంస్థకు మార్చుకునే పద్ధతి తేలికే. ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో పోర్ట్ అని టైప్ చేసి, ఖాళీ వదిలి, మీ పది అంకెల నంబర్ చేర్చి 1900కు ఎస్ఎంఎస్ పంపితే ఒక కోడ్ వస్తుంది. మీరు ఏ ప్యాక్ వాడుతున్నా, అందులో ఎస్ఎంఎస్ సౌకర్యం లేకపోయినా, ఈ సందేశం మాత్రం వెళ్ళి తీరాలని 2021లోనే ట్రాయ్ ఆదేశాలున్నాయి. ఆ కోడ్ మన రాష్ట్రాల్లో నాలుగు రోజులు చెల్లుతుంది; దానితో, ఆధార్‌తో కొత్త సంస్థ దుకాణానికి వెళ్తే మూడు పనిదినాల్లో మార్పు పూర్తవుతుంది. పోగొట్టుకున్న సిమ్‌కు బదులు కొత్తది తీసుకుని ఏడు రోజులు కాకపోతే కోడ్ రాదు. ఈ నిబంధన మోసాలను అరికట్టడానికి 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చింది. పోస్ట్‌పెయిడ్ బకాయిలు ఉన్నా రాదు. పాత ప్యాక్ ముగియడానికి వారం ముందు ఈ పని మొదలుపెడితే పోయే వ్యాలిడిటీ నాలుగైదు రోజులకు మించదు. మార్పు జరిగే రోజున కొన్ని గంటలు ఫోన్ మూగబోతుంది కాబట్టి, ఆ రోజు రైలు టికెట్లు, ఆసుపత్రి చెల్లింపుల వంటి ఓటీపీ పనులేవీ పెట్టుకోవద్దు.